మళ్ళీ చేసుకుంటాడేమోనని చెయ్యి అలాగే వదిలేయాలా?

ప్రశ్న: మాది ఖమ్మం దగ్గర పల్లెటూరు. మా తమ్ముడికి 24 ఏళ్ళు. ఏడాదికి పైగా తనలో తనే మాట్లాడుకునేవాడు, ఎవరో తిడుతున్నారనేవాడు. గాలి సోకిందని తాయెత్తులు కట్టించాం. చివరికి చెవిలో మాటలు చెప్పాయని ఎడమ మణికట్టు మీద చాలా లోతుగా గాయం చేసుకున్నాడు. హైదరాబాద్ తీసుకెళ్తే రాత్రికి రాత్రే ఆపరేషన్ చేసి చెయ్యి నిలబెట్టారు. స్కిజోఫ్రీనియా అన్నారు. మందులు వాడుతున్నాడు, ఆ మాటలు చాలావరకు తగ్గాయి. ఇప్పటికి ఐదు నెలలు. వేళ్ళు సగమే ముడుచుకుంటున్నాయి, బొటనవేలు, చూపుడువేలు మొద్దుబారి ఉన్నాయి. ఒక డాక్టరు గారు రెండో ఆపరేషన్ చేస్తే మెరుగవుతుందన్నారు. ఇంకో ఆసుపత్రిలో "మెంటల్ పేషెంట్ కదమ్మా, మళ్ళీ చేసుకుంటాడు, డబ్బు దండగ" అన్నారు. మా పెదనాన్న వాళ్ళదీ అదే మాట. గదిలో కట్టేసి ఉంచమంటున్నారు. పోలీసు కేసు అవుతుందేమోనని టెన్షన్. మొదటిసారి కట్లు మార్చేటప్పుడు కూడా "నువ్వే చేసుకున్నావుగా, ఓర్చుకో" అని నొప్పి మందు లేకుండా చేశారు. ఏం చెయ్యమంటారు? బయట ఎవరైనా చెయ్యి చూసి అడిగితే ఏం చెప్పాలి?
(ఒక అక్క, ఖమ్మం జిల్లా)

జవాబు: అమ్మా, ముందు ఆ "డబ్బు దండగ" మాట సంగతి తేలుద్దాం, ఎందుకంటే ఆ ఒక్క మాట దగ్గరే చాలా కుటుంబాలు ఆగిపోతాయి. మీ తమ్ముడు చెయ్యి మీద గాయం చేసుకున్నది చెవిలో మాటలు ఆజ్ఞాపించినప్పుడు, అప్పటికి ఏడాదిగా ఒక్క మాత్ర కూడా పడని జబ్బులో. ఇప్పుడు మందు పడింది, మాటలు తగ్గాయి. ఆనాటి మనిషిని చూసి ఈనాటి చేతి భవిష్యత్తు తేల్చేస్తానంటే ఎలా? సైకోసిస్‌లో, అంటే లేని మాటలు వినిపించి అవే నిజమనిపించే స్థితిలో, ఇంత తీవ్రంగా గాయపరచుకునేవాళ్ళలో చాలామంది మీ తమ్ముడిలాగే మొదటిసారి జబ్బుపడి, ఇంకా వైద్యం అందనివాళ్ళే. అంటే అన్నిటికన్నా ప్రమాదమైన కాలాన్ని అతను దాటి వచ్చాడు. ఇకమీదట ప్రమాదం లేదని నేను అనను, జబ్బు తిరగబెడితే అదీ తిరిగి రావచ్చు. కానీ దానికి విరుగుడు మందులు ఆగకుండా చూసుకోవడం. చెయ్యి పనికిరాకుండా వదిలేస్తే జబ్బు తగ్గదు.

ఒకప్పుడు సర్జన్లలోనూ ఈ ఆలోచన ఉండేది. మానసిక జబ్బు ఉన్న మనిషి తనే తెంచుకున్న చేతిని తిరిగి అతికించాలా అని తటపటాయించేవారు. ఇప్పుడు చాలామంది అలా అనుకోవడం లేదు. కారణం సూటిగా ఉంటుంది. మనసు కొన్ని వారాల్లో, నెలల్లో కుదుటపడవచ్చు, కానీ ఆ రాత్రి అతికించని చెయ్యి మళ్ళీ రాదు. తేరుకున్నాక తన చెయ్యి తనకు కావాలనే అంటాడు ఏ మనిషైనా. మీ తమ్ముణ్ణి ఆ రాత్రి చూసిన డ్యూటీ సర్జన్లు ఈ లెక్క సరిగ్గానే వేశారు. నేను ప్లాస్టిక్ సర్జరీ చేసేవాణ్ణి, అర్ధరాత్రి మణికట్టులో తెగిన ముక్కలన్నీ ఏది దేనికి చెందిందో వెతికి కలపడం ఎంత ఓపిక పనో నాకు తెలుసు. వాళ్ళకు నా నమస్కారం.

ఇక చేతి విషయం. "నరాలు తెగాయి" అని ఒక్క మాటలో చెప్పేస్తారు గానీ అక్కడ వేర్వేరు సంగతులున్నాయి. వేళ్ళను లాగే తాళ్ళలాంటి టెండాన్లు, స్పర్శ తెలిపే నరాలు, రక్తనాళాలు. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే టెండాన్లతో పాటు మీడియన్ నరం కూడా తెగి ఉంటుంది, ఎందుకంటే బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు స్పర్శ దానిదే. బొటనవేలిని మిగతా వేళ్ళకు ఎదురుగా తెచ్చే కండకూ అదే నరం. టెండాన్లు, నరం వేర్వేరు వేగాల్లో బాగుపడతాయి, వాటిని కలిపి చూస్తే అనవసరంగా నిరాశ పడతారు. కుట్టిన నరం సుమారుగా రోజుకు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది, అంటే నెలకు అంగుళం. మణికట్టు నుంచి వేలి చివరకు చేరాలంటే ఆరు నెలలకు పైనే, చేరిన తర్వాత స్పర్శ పదును పట్టడానికి ఇంకా ఏడాది, రెండేళ్ళు. కాబట్టి ఐదో నెలలో మొద్దుబారి ఉందంటే ఆపరేషన్ ఫెయిలయిందని కాదు. డాక్టరు గారు మచ్చ దగ్గర నుంచి అరచేతి వైపు వేలితో తట్టుకుంటూ వెళ్తే ఒకచోట జివ్వుమంటుంది. ఆ చోటు నెలనెలా ముందుకు జరుగుతోందా అని అడగండి. జరుగుతుంటే నరం వస్తున్నట్టే. జరగకపోతే, బొటనవేలు ఏడాదికి దగ్గరపడ్డా ఎదురుగా రాకపోతే, అప్పుడు వేరేచోటి టెండాన్‌ని అక్కడికి మళ్ళించే ఆపరేషన్ ఉంది, దానికి ఇప్పుడే తొందర లేదు.

అందాకా ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. స్పర్శ లేని వేళ్ళకు వేడి తెలియదు. టీ గ్లాసు, పొయ్యి మీది గిన్నె, అతనికి అలవాటుంటే సిగరెట్, వీటితో కాలి బొబ్బలెక్కినా గమనించడు. దీనికి ఇంకోటి తోడు. స్కిజోఫ్రీనియా ఉన్న కొందరు నొప్పిని మనంతగా బయటపెట్టరు, చీము పట్టినా "ఏం లేదు" అంటారు. రోజూ సాయంత్రం మీరో, అమ్మో చెయ్యి చేతిలోకి తీసుకుని చూడండి. ఎరుపు, వాపు, వాసన, కొత్త బొబ్బ ఏదైనా కనిపిస్తే అతను చెప్పేదాకా ఆగకండి.

వేళ్ళు సగమే ముడుచుకోవడం దగ్గరికొస్తే, అదీ అర్థమయ్యే సంగతే. కుట్టిన టెండాన్ మొదటి మూడు వారాలు చాలా బలహీనం, అందుకే పిండికట్టు వేస్తారు. అలాగని పూర్తిగా కదలకపోతే చుట్టూ ఉన్న కండకీ చర్మానికీ అతుక్కుపోతుంది. కదిలిస్తే తెగే భయం, కదలకపోతే అతుక్కునే భయం, ఈ రెండింటి మధ్య కొలతగా వ్యాయామం చేయించాలి. ఆరు వారాలదాకా గట్టిగా పట్టుకోకూడదు, పన్నెండు వారాలదాకా బరువులెత్తకూడదు. మామూలు మనిషికే ఇది కష్టమమ్మా. ఆ మొదటి వారాల్లో మీ తమ్ముడు చెవిలో మాటలతో, కొత్త మందుల మత్తుతో ఉన్నాడు. గంటగంటకీ వేళ్ళు కదిలించు అంటే అతని బుర్రకు ఎక్కే పరిస్థితి కాదు. ఇందులో సర్జన్ తప్పూ లేదు, మీ తమ్ముడి తప్పూ లేదు, మీ తప్పూ లేదు.

రెండో ఆపరేషన్ అవసరమా అన్నది తేల్చడానికి ఒక చిన్న పరీక్ష ఉంది, డాక్టరు గారు తప్పకుండా చేస్తారు, మీరూ గమనించవచ్చు. అతను తనంతట తాను ముడిస్తే వేళ్ళు సగమే వస్తున్నాయి కదా, మీరు మెల్లగా మీ చేత్తో ముడిస్తే పూర్తిగా అరచేతిలోకి వస్తున్నాయా? వస్తుంటే కీళ్ళు బాగున్నాయి, టెండాన్ అతుక్కుపోయిందన్నమాట, లేదా కుట్టు విడిపోయి ఉండొచ్చు. అతుక్కుంటే దాన్ని విడదీసే ఆపరేషన్‌ని టెనోలైసిస్ అంటారు, మచ్చ మెత్తబడ్డాక, సాధారణంగా మూడు నుంచి ఆరు నెలల తర్వాత చేస్తారు. మీరు ముడిచినా రాకపోతే కీళ్ళే బిగుసుకున్నాయి, అప్పుడు ముందు ఫిజియోథెరపీ, ఆపరేషన్ తర్వాతి మాట. కీళ్ళు బిగిసి ఉండగా టెండాన్ విడదీస్తే దండగ మాట అప్పుడు నిజమవుతుంది. నొప్పి పుట్టేలా బలవంతంగా మాత్రం వంచకండి.

అసలు షరతు ఇది. టెనోలైసిస్ అయిన మర్నాటి నుంచే వేళ్ళు కదిలించాలి, నొప్పిగా ఉన్నా కదిలించాలి, వారాల తరబడి. లేకపోతే విడదీసిన టెండాన్ మళ్ళీ అతుక్కుంటుంది, ఒక్కోసారి ముందుకన్నా గట్టిగా. కొన్నిచోట్ల దీన్ని చెయ్యి వరకే మత్తిచ్చి, పేషెంట్ మెలకువగా ఉండగా "ఇప్పుడు ముడువు" అని అడిగి చూస్తూ చేస్తారు. కాబట్టి "మెంటల్ పేషెంట్‌కి చెయ్యాలా వద్దా" అనేది తప్పుడు ప్రశ్న. మీ తమ్ముడు ఇప్పుడు పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం చెప్పిన పని చేసే స్థితిలో ఉన్నాడా? తనకు ఈ ఆపరేషన్ కావాలని తనే అంటున్నాడా? ఈ రెండింటికీ అవునంటే చేయించండి. ఇంకా కాదంటే మూడు నెలలు ఆగండి, ఆ మూడు నెలలు రోజూ కీళ్ళు వంచే వ్యాయామం చేయించండి, ఆలస్యం వల్ల ఈ ఆపరేషన్ చెయ్యిదాటిపోదు. నేనైతే సైకియాట్రిస్ట్‌తో మాట్లాడకుండా తేదీ ఇవ్వను. ఇచ్చే సర్జన్ దగ్గరికి మీరు వెళ్ళొద్దనే అంటాను.

సైకియాట్రిస్ట్, సర్జన్ ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోవడమే ఇందులో అన్నిటికన్నా ముఖ్యం, మన దగ్గర అన్నిటికన్నా తక్కువగా జరిగేదీ అదే. సర్జరీ వార్డులో మానసిక మందులు "ఆపరేషన్ కదా, ఆపేయండి" అని ఎవరో ఒకరు నోటిమాటగా అనేస్తారు, ఇంటివాళ్ళు నమ్మేస్తారు. సైకియాట్రిస్ట్ చెప్పకుండా ఏ మందూ ఆపకండి. మీ తమ్ముడు ఏ మందు మీద ఉన్నాడో మీరు రాయలేదు. అది క్లోజపిన్ అయితే ఇంకా జాగ్రత్త. స్కిజోఫ్రీనియాలో ప్రాణం తీసుకునే ప్రయత్నాలను తగ్గిస్తుందని రుజువైన మందు అది, కానీ రెండు రోజులకు మించి ఆగితే పాత డోసు ఒక్కసారిగా మళ్ళీ వెయ్యకూడదు, అతి తక్కువ డోసుతో మొదలుపెట్టి పెంచుకుంటూ రావాలి. సిగరెట్లు తాగేవాడైతే ఆసుపత్రిలో సిగరెట్లు ఆగిపోగానే అదే డోసుకు రక్తంలో క్లోజపిన్ పెరిగిపోతుంది, మగతగా పడుంటాడు. ఇది చాలా సర్జరీ వార్డుల్లో ఎవరికీ తట్టదు. లిథియం వాడుతుంటే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు రక్తంలో దాని స్థాయిని ప్రమాదకరంగా పెంచగలవు. డిప్రెషన్ మందులు ఏవైనా ఉంటే ట్రమడాల్ రాసే ముందు ఆ సంగతి చెప్పాలి. అందుకని అన్ని మందుల పేర్లు, డోసులు, వేసే వేళలు ఒక కాగితం మీద రాసి మూడు కాపీలు తీయించండి, ఒకటి సర్జన్‌కి, ఒకటి మత్తు డాక్టరుకి, ఒకటి వార్డు సిస్టర్‌కి. నోటితో చెప్పినది షిఫ్ట్ మారగానే పోతుంది.

వీలైతే రెండు విభాగాలూ ఒకేచోట ఉన్న పెద్దాసుపత్రిలో చేయించండి. హైదరాబాద్‌లో గాంధీ, నిమ్స్ ఉన్నాయి. ఎర్రగడ్డ మానసిక వైద్యశాలలో చూపిస్తుంటే అక్కడి ఓపీ చీటీ, డిశ్చార్జ్ కాగితాలు సర్జన్ దగ్గరికి తీసుకెళ్ళండి. ఆంధ్ర వైపు నుంచి చదువుతున్నవాళ్ళకు విశాఖలో కేజీహెచ్, మానసిక ఆసుపత్రి రెండూ ఉన్నాయి. ఖర్చు సంగతి ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ కౌంటర్ దగ్గరుండే ఆరోగ్యమిత్రను ముందే అడగండి. ప్రైవేట్ ఇన్సూరెన్స్ ఉండి, "స్వయంగా చేసుకున్న గాయం" అని తిరస్కరిస్తే ఆ తిరస్కరణ కాగితం మీద తీసుకోండి. మానసిక జబ్బుకు శారీరక జబ్బుతో సమానంగా బీమా ఇవ్వాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 21వ సెక్షన్ చెబుతోంది, హైదరాబాద్‌లో ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఆఫీసు ఉంది, అక్కడ ఫిర్యాదు చేయవచ్చు.

పోలీసు భయం వదిలేయండి. ఆసుపత్రి వాళ్ళు పోలీసులకు సమాచారం ఇవ్వడం మామూలు పద్ధతి, దాన్నే ఎంఎల్సీ (మెడికో లీగల్ కేసు) అంటారు, ఒక కానిస్టేబుల్ వచ్చి వివరాలు రాసుకుంటాడు. ఇందాక చెప్పిన 2017 చట్టం 115వ సెక్షన్ ప్రకారం ప్రాణం తీసుకోబోయిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, వేరేలా రుజువైతే తప్ప విచారించకూడదు, శిక్షించకూడదు. పైగా అతనికి వైద్యం, పునరావాసం అందించాల్సిన బాధ్యత ప్రభుత్వానిదని కూడా అందులోనే ఉంది. 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత ఐపీసీ 309 సెక్షన్ అలా లేనే లేదు. ఎవరైనా "కేసు లేకుండా చేస్తాం" అని డబ్బులడిగితే ఇవ్వకండి.

కట్టేయడం మాత్రం వద్దమ్మా. పెదనాన్న గారు భయంతోనే అంటున్నారు, ఆయన మీద కోపం వద్దు. కానీ 2001 ఆగస్టులో తమిళనాడు ఎర్వాడిలో ఒక షెడ్డుకు నిప్పంటుకున్నప్పుడు గొలుసులతో కట్టేసి ఉన్న మానసిక రోగులు 28 మంది పారిపోలేక చనిపోయారని ఆయనకు చెప్పండి. మానసిక వైద్యశాలల్లో కూడా గొలుసులు వెయ్యడాన్ని చట్టం నిషేధించింది. వెంటనే ప్రమాదం జరిగేలా ఉండి వేరే దారి లేనప్పుడు, సైకియాట్రిస్ట్ అనుమతితో, ఎంతసేపు అవసరమో అంతసేపే ఆపి ఉంచవచ్చు, శిక్షగా అసలే కాదు. సర్జన్‌గా నాదో మాట కూడా ఉంది. ఆ చెయ్యిని తాడుతో బిగిస్తే కుట్టిన నరం మీద ఒత్తిడి పడుతుంది, రక్తం ఆడదు, ఐదు నెలల శ్రమ అంతా పోతుంది.

కట్టేసే బదులు చేయగలిగింది చాలా ఉంది. మందుల స్ట్రిప్పులు మీ దగ్గర తాళంలో ఉంచి ఏ పూటకాపూట ఇవ్వండి. పురుగుమందు డబ్బాలు ఇంట్లోంచి తీసి వేరేచోట తాళం వేసి పెట్టండి, పదునైన వస్తువులు కూడా అంతే. అతను మళ్ళీ నిద్రపోవడం మానేసినా, ఒంటరిగా గుసగుసలాడుతున్నా, మాత్రలు ఉమ్మేస్తున్నా, ఏదో పాపానికి శిక్ష పడాలి అన్నట్టు మాట్లాడినా తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా అదే రోజు తీసుకెళ్ళండి. "చెవిలో మాటలు ఏమన్నా చెప్పాయా, నీకు హాని చేసుకోమంటున్నాయా" అని సూటిగా అడగొచ్చు, అడగడం వల్ల ఆలోచన పుట్టదు. చాలామంది ఎవరైనా అడుగుతారేమోనని ఎదురుచూస్తూ ఉంటారు. అర్ధరాత్రి ఎవరితో మాట్లాడాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. మనిషి ప్రమాదంలో ఉంటే మాత్రం 108.

ఇక నొప్పి మందు లేకుండా కట్లు మార్చిన సంగతి. చదివి నాకు చాలా బాధేసింది, కోపం కూడా వచ్చింది. గాయం ఎవరు చేశారన్నదాన్ని బట్టి నొప్పి మారదు. బ్రిటన్‌లో 2004లో నైస్ అనే సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల్లో, తమను తాము గాయపరచుకున్నవాళ్ళకు కుట్లు వేసేటప్పుడు సరిపడా మత్తు, నొప్పి మందు ఇవ్వాలని ప్రత్యేకంగా రాయాల్సి వచ్చింది. అలా రాయాల్సి వచ్చిందంటే అక్కడా ఇది జరుగుతూ ఉండేదనే కదా. ఈసారి ముందే అడగండి: "సార్, కట్టు మార్చే ముందు నొప్పి ఇంజెక్షన్ ఇస్తారా?" ఇవ్వం అంటే డ్యూటీ డాక్టరును పిలవమనండి, ఆయనా కాదంటే సూపరింటెండెంట్‌కి రాయండి. మర్యాదగా, గట్టిగా. అవమానం జరిగిన ఆసుపత్రికి మనిషి మళ్ళీ వెళ్ళడు, వెళ్ళకపోతే మందులు ఆగుతాయి. నొప్పి మందు నుంచి మొదలై జబ్బు తిరగబెట్టడం దాకా దారి ఇంత పొట్టిది.

ఒక విషయం మీ చుట్టూ ఉన్నవాళ్ళకు కూడా చెప్పండి, తట్టుకోలేని బాధలో చర్మం మీద గాట్లు పెట్టుకునే పిల్లల సంగతి వేరు, మీ తమ్ముడిది వేరు. వాళ్ళకు కావాల్సింది ఎక్కువగా మాట్లాడే చికిత్స, ఇతనికి ముందు కావాల్సింది సైకోసిస్ మందు. రెండింటినీ ఒకటే అనుకుని "మందులు మాను, కౌన్సెలింగ్ చేయించు" అనేవాళ్ళ మాట వినకండి.

ఆపరేషన్ సంతకం గురించి కూడా. మానసిక జబ్బు ఉందని అతనికి బదులు మీరు నిర్ణయించేయకూడదు. చెప్పింది అర్థం చేసుకుని, చేస్తే ఏమవుతుంది, చెయ్యకపోతే ఏమవుతుంది అన్నది తూచి చెప్పగలిగితే నిర్ణయం అతనిదే. డాక్టరు గారిని మీతో కాకుండా అతనితో మాట్లాడమనండి, బొమ్మ గీసి చూపించమనండి. ఆ చేత్తో మళ్ళీ ఏం చెయ్యాలనుందని అతన్ని అడగండి. బండి తోలాలనా, ఫోన్ పట్టుకోవాలనా, పొలంలో పని చెయ్యాలనా? సర్జన్‌కి అది తెలిస్తే ఏ వేలు ముందు బాగుచెయ్యాలో తేలుతుంది.

బయటివాళ్ళు అడిగితే ఏం చెప్పాలన్నారు. ఏం చెప్పాలో, ఎంత చెప్పాలో మీ తమ్ముడే తేల్చుకోవాలి, మీరు ముందే ఏదో కథ అల్లి పెడితే అతను దాన్ని మొయ్యాలి. "దెబ్బ తగిలింది, ఆపరేషన్ అయింది" అంటే సరిపోతుంది, అందులో అబద్ధం లేదు. మచ్చ ఇంకా ఎర్రగా, గట్టిగా ఉంటే సిలికాన్ జెల్ రాయమని డాక్టరు గారిని అడగండి, రోజుకు రెండు పూటలు మెత్తగా మర్దన చేస్తే మచ్చ కింద టెండాన్లు కదలడానికి కూడా సాయం. ఏడాది నుంచి ఏడాదిన్నరలో రంగు తగ్గుతుంది. అందాకా ఫుల్ హ్యాండ్స్ చొక్కా వేసుకుంటానంటే వేసుకోనివ్వండి, ఎండాకాలమైనా సరే.